ఎడమ పోస్టు

ఆదివారం మ్యాచ్ ఇంకో ఆరు నిమిషాల్లో ముగుస్తుందనగా అవతలి జట్టుకి కార్నర్ దొరికింది, అదీ ఎడమవైపు నుంచి. గీత బయట నిలబడ్డ మేనేజరు రెండడుగులు ముందుకి వేశాడు. "మేనేజరు గారూ" అని ఎవరైనా పిలిస్తే అతనింకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, పాత మేనేజరు ఎక్కడైనా ఉన్నాడేమోనని. ఆ పదవి మీద పడి మూడు వారాలే అయింది. అంతకుముందు పన్నెండేళ్ళు ఇదే మూడో డివిజన్ క్లబ్బుకి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాడు. ఆటగాళ్ళ అవస్థ కూడా అలాగే ఉంది. నిన్నటిదాకా "అన్నా" అన్న నోటితో ఉన్నట్టుండి "సార్" అనలేక, "అన్నా... సార్" అని రెండూ కలిపి లాగిస్తున్నారు.

"ఎడమ పోస్టు, ఎడమ పోస్టు" అని చేత్తో చూపించాడు. చూపించకపోయినా ఆ మనిషి వెళ్ళేవాడే. తన స్థానంలో వచ్చిన కొత్త లెఫ్ట్ బ్యాక్ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరవై ఏడేళ్ళుంటాయి. పొట్టి. పరుగు అందుకుంటే మాత్రం పక్కన పరిగెత్తేవాళ్ళు నిలబడిపోయినట్టు కనిపిస్తారు. ఆ పరుగునంతా మూటకట్టి పక్కన పెట్టి, చెప్పిన చోటికి చెప్పినట్టు వచ్చి, గోలుకి ఎడమవైపు పోస్టుని ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మూల నుంచి బంతి లేచింది. అందరి తలలూ దాటి వంకర తిరుగుతూ పోస్టు వైపుకి వచ్చింది. మెకానిక్ ఎగిరాడు. అతని నుదుటికీ బంతికీ మధ్య జానెడు సందు. వెనక గోల్‌కీపర్ కూడా ఎగిరాడు. ఎడమ చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. కుడి చెయ్యి ఒళ్ళు దాటి ఇటు వచ్చేలోపు బంతి గోలు పై బారు కింద నుంచి వలలో పడింది. ఆ ఎడమ చేతిని చూసింది మేనేజరు ఒక్కడే. మిగతా జనమంతా మెకానిక్‌నే చూస్తున్నారు.

"ఒరేయ్, స్టూలు తెచ్చుకోరా" అని వెనక మెట్ల మీద నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. మూడు ఆదివారాల్లో ఇది మూడో గోలు. మూడూ కార్నర్ల నుంచే, మూడూ అతని తల మీదుగానే.

మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూములో మెకానిక్ కిటికీ పక్కన కూర్చుని కాలి పట్టీ విప్పుతున్నాడు. విప్పిన పట్టీని చుట్ట చుట్టి, అది వంకరగా వచ్చిందని మళ్ళీ విప్పి, మళ్ళీ చుడుతున్నాడు. ఆ బెంచీ మీద ఇంకో ముగ్గురు పట్టే చోటుంది, ఎవరూ కూర్చోలేదు. గోల్‌కీపర్ గది మధ్యలో నిలబడి గ్లవ్సులు లాగుతూ, "ఆ బంతి నాది. ఎవరూ ఎవరినీ అనకండి" అన్నాడు.

అందరూ తలలూపారు. పెద్దాయన మనసు పెద్దది అని ఒకరితో ఒకరు గొణుక్కున్నారు. గోల్‌కీపర్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, పదహారేళ్ళుగా ఆ గోలు ముందు నిలబడుతున్నాడు. అంత మంచిపేరు ఉంటే వచ్చిన చిక్కే అది, ఉన్న నిజం ఉన్నట్టు చెప్పినా దయతో అన్నాడనుకుంటారు. ఆ ఒక్క మాటతో పెద్దాయన ఇంకో మెట్టు ఎక్కాడు, మెకానిక్ ఇంకో మెట్టు దిగాడు.

మేనేజరుకి అసలు సంగతి తెలుసు. పెద్దాయన అతని భార్యకి అన్న. చుట్టరికానికి ముందే స్నేహం కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు. రెండేళ్ళ క్రితం ఇదే గది బయట కొళాయి దగ్గర పెద్దాయన చెవిలో చెప్పిన మాట అతని కడుపులో భద్రంగా ఉంది. "బావా, నా ఎడమ భుజం లేవట్లేదు. ఎవరికీ చెప్పకు. కార్నర్లప్పుడు నువ్వు ఎడమ పోస్టు దగ్గర నిలబడు, నాకు ధైర్యంగా ఉంటుంది." ఆ రోజు నుంచి నిలబడ్డాడు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. తను ఆట మానేశాక ఆ చోట్లో మెకానిక్‌ని నిలబెట్టాడు. ఎందుకని అడిగితే కారణం చెప్పలేడు కాబట్టి, అడగని మనిషిని చూసి మరీ నిలబెట్టాడు.

సోమవారం సెక్రటరీ కబురు పెట్టాడు. ఆయనకి ప్రింటింగ్ ప్రెస్సు ఉంది, క్లబ్బు ఆఫీసు కూడా అందులోనే ఒక టేబులు. సిరా వాసన, మిషను చప్పుడు. మిషను ఆగినప్పుడల్లా మాట్లాడుకోవాలి. టేబులు వెనక గోడకి ఈ ఏటి క్లబ్బు క్యాలెండరు వేలాడుతోంది. పెద్దాయన గాల్లో ఉన్న ఫోటో. ఎడమ చెయ్యి పూర్తిగా చాచి, బారు కింద బంతిని వేళ్ళతో పైకి తోస్తున్నాడు. ఫోటో కింది అంచున ఎవరిదో సగం తల ప్రింటులో తెగిపోయింది.

"ఏమయ్యా, మెకానిక్ సంగతి ఏం చేద్దాం?" అన్నాడు సెక్రటరీ.

"ఏం చెయ్యాలండీ?"

"శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి రిజిస్ట్రేషన్లు మూసేస్తారు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. అతన్ని వదిలేస్తే ఆ చోట్లో ఇంకొకణ్ణి రాయించొచ్చు. చూసి పెట్టాను. ఆరడుగులు."

"పరిగెత్తుతాడా?"

"పోస్టు పక్కన నిలబడడానికి పరుగెందుకయ్యా? నువ్వేమన్నా పరిగెత్తావా? రెండేళ్ళు నిలబడ్డావు. నువ్వున్నంతకాలం ఆ మూల నుంచి ఒక్క గోలు పోయిందా?"

ఆ మాటకి మేనేజరుకి లోపల హాయిగానే అనిపించింది. అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. ఇప్పుడు వదిలేస్తే మెకానిక్‌కి ఈ సీజనంతా ఇంకే క్లబ్బులోనూ చోటు దొరకదు. మూడు గోల్స్ ఇప్పించిన పొట్టివాడన్న పేరుతో వచ్చే సీజన్లో మాత్రం ఎవరు పిలుస్తారు?

"అతని తప్పు కాదేమోనండీ" అన్నాడు.

"మరి ఎవరిది?"

ఈలోగా మిషను మళ్ళీ మొదలైంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే మేనేజరు వాటినే చూస్తూ నిలబడ్డాడు. మిషను ఆగాక, "శుక్రవారం చెప్తాను" అన్నాడు.

"చెప్పు. చెప్పకపోతే వదిలేసినట్టే" అని సెక్రటరీ కళ్ళజోడు పైకి తోసుకుని ప్రూఫులు దిద్దుకోవడంలో పడిపోయాడు.

పాత మేనేజరుకి ఒక అలవాటుండేది. ఎవరినైనా జట్టులోంచి తీసేస్తే మొహం చూసి చెప్పేవాడు కాదు. పదకొండు పేర్లు రాసిన కాగితం డ్రెస్సింగ్ రూము తలుపుకి అంటించి, తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు. పేరు లేనివాడు ఆ తలుపు ముందే నిలబడి కిందికీ పైకీ నాలుగుసార్లు చదువుకోవాలి. విజిల్ మెడలో వేసుకున్న రోజున ఇతను గట్టిగా అనుకున్నది ఒకటే, ఎవరిని తీసినా ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలి. ఆ మాట మొదట చెప్పాల్సింది సొంత బావకే అవుతుందని అప్పుడు తోచలేదు.

బుధవారం మధ్యాహ్నం రంగుల షాపుకి వెళ్ళాడు. పెద్దాయన పనిచేసేది అక్కడే. దారి పొడుగునా ఒకటే వాక్యం అనుకుంటూ వెళ్ళాడు. 'బావా, ఈ ఆదివారం నిన్ను ఆడించట్లేదు.' నెమ్మదిగా ఒకసారి, తొందరగా ఒకసారి, మొత్తం ఏడుసార్లు అనుకున్నాడు.

పెద్దాయన నిచ్చెన మీద నిలబడి పై అరలో డబ్బాలు సర్దుతున్నాడు. అంతా కుడి చేత్తోనే. ఎడమ చేతి బొటనవేలు నడుం బెల్టులో తగిలించి ఉంది, అలవాటు మీద అక్కడ పెట్టుకున్నట్టు.

"ఏంటి బావా, ఇలా వచ్చావు?"

"ఏం లేదు. తెల్లరంగు కావాలి."

"దేనికి?"

"గోడకి."

"లోపలి గోడకా, బయటి గోడకా?"

మేనేజరు కాస్త ఆలోచించాల్సి వచ్చింది. "లోపలికి" అన్నాడు.

పెద్దాయన నిచ్చెన దిగి వచ్చి, రంగుల అట్ట తెరిచి తెలుపులో పదకొండు రకాలు చూపించాడు. పాల తెలుపు వేరట, సున్నం తెలుపు వేరట. ఒక్కోటీ వేలితో చూపిస్తూ మధ్యమధ్య మేనేజరు మొహంలోకి చూస్తున్నాడు. మేనేజరు ఎనిమిదోదాని మీద వేలు పెట్టాడు, ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు.

"ఇంకేం లేదా?" అన్నాడు పెద్దాయన డబ్బా చేతికిస్తూ.

"ఇంకేముంటుంది?"

ఇంటికొచ్చి డబ్బాని చప్పుడు కాకుండా తలుపు వెనక పెట్టబోయాడు. భార్య చూడనే చూసింది. ఆమె రెడీమేడ్ బట్టలు కుట్టేచోట కటింగ్ పని చేస్తుంది. మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే ఇంటికి వచ్చేస్తుంది.

"ఏంటండీ అది?"

"రంగు."

"కనిపిస్తూనే ఉంది. ఏ గోడకి?"

"మీ అన్నయ్య షాపు వైపు వెళ్ళాను."

"వెళ్తే కొనాలని రూలుందా?" ఆమె డబ్బాని కాలితో పక్కకి జరిపి ఎదురుగా కూర్చుంది. "వాడితో ఏం చెప్దామని వెళ్ళి చెప్పకుండా వచ్చారు? భుజం సంగతేనా?"

మేనేజరు ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? రోజంతా భుజాలూ చేతులూ కొలిచేదాన్ని. చొక్కా వేసుకునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి దూర్చి, తర్వాత కుడి చెయ్యి లాక్కుంటున్నాడు. ఇదివరకు అలా లేదు. ఆరు నెలల నుంచే."

ఆరు నెలలు కాదు, రెండేళ్ళు అని నోటిదాకా వచ్చింది. తోబుట్టువుకన్నా తనకే ముందు తెలుసన్న చిన్న గర్వంతో ఊరుకున్నాడు. "మరి తెలిసీ అడగలేదేం?" అన్నాడు.

"అడిగితే ఆట మానేస్తాడు. అప్పటికే అరిగిపోయిన మీ మోకాలు ఒకటుంది. బావా బావమరదులిద్దరూ ఆదివారాలు నా నెత్తిన కూర్చుంటే నేనేం కావాలి?" అని నవ్వింది. నవ్వు ఆగాక మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, "ఆ మెకానిక్‌ని స్టూలు తెచ్చుకోమన్నారటగా. వాళ్ళావిడ మా పక్క లైనులోనే కాజాలు కుడుతుంది. సోమవారం నుంచి ఎవరితోనూ మాట్లాడట్లేదు" అంది.

గురువారం పొద్దున్నే అతను మైదానానికి వెళ్ళాడు. ప్రాక్టీసుకి ఇంకా గంట టైముంది. గేటు తాళం తీసే ఉంది. ఎడమ పోస్టు దగ్గర మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. పనిసంచి గడ్డిలో పెట్టి, ఇనుప టేపు పోస్టు పొడుగునా కింద నుంచి పైదాకా లాగి పట్టుకుని చూస్తున్నాడు. తర్వాత నుదుటికి సుద్దపొడి రాసుకుని, రెండడుగులు వెనక్కి వేసి ఎగిరి, నుదురు పోస్టుకి తగిలించి దిగాడు. తెల్ల మచ్చ పడింది. ఆ మచ్చ దగ్గర టేపు పెట్టి చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. పోస్టు మీద అలాంటి మచ్చలు పదీ పన్నెండు ఉన్నాయి, అన్నీ వేలెడు తేడాలో. నుదురు ఎర్రగా కందిపోయింది.

మేనేజరుకి ఆ మచ్చలు ఒక్కొక్కటీ తన మొహాన పడినట్టుంది.

"సార్, మీరెప్పుడొచ్చారు?" మెకానిక్ సిగ్గుపడి చేత్తో నుదురు తుడుచుకున్నాడు. "ఏం లేదు, కొలుద్దామని. బంతి వెళ్ళింది ఇక్కడ సార్, బారుకి కింద ఇంత. నా నుదురు అందేది ఇక్కడ. మధ్యలో తొమ్మిది అంగుళాలు. రోజూ ఎగరడం సాధన చేస్తే నెలకి రెండు అంగుళాలు పెరుగుతుందని అన్నారు. మిగతా ఏడూ ఏం చెయ్యాలో తెలియట్లేదు."

లిఫ్టు నేలకి అంగుళం తేడాగా ఆగితే ఎలా సరిచేయాలో చెబుతున్నంత మామూలుగా చెప్పాడు. మేనేజరు పోస్టు మీద చెయ్యి వేశాడు. తన భుజం ఎత్తులో రంగు అరిగిపోయి కింద ఇనుము కనిపిస్తోంది. రెండేళ్ళు తను పట్టుకుని నిలబడ్డ చోటు అది.

"ఒకటడగొచ్చా సార్? మీరు ఇక్కడ నిలబడినప్పుడు తలతో ఎన్ని తీసుంటారు? ఎలా ఎగిరేవారో తెలిస్తే అలాగే చేద్దామని."

మేనేజరు చెప్పబోయి ఆగాడు. లెక్కపెట్టుకున్నాడు. ఒకటి వానలో. ఒకటి భుజానికి తగిలి బయటికి పోయింది. ఇంకో రెండుంటాయి. మిగతావన్నీ తల మీద గాలి కదలడం, వెనక గ్లవ్సుకి బంతి తగిలిన చప్పుడు, అంతే గుర్తున్నాయి. తనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సింది ముందుకే కదా.

"గుర్తులేదు" అన్నాడు.

"కమిటీవాళ్ళు రేపు నన్ను తీసేస్తారటగా సార్" అన్నాడు మెకానిక్ టేపు చుట్టుకుంటూ. టేపు చివర సర్రున లోపలికి వెళ్ళిపోయింది. "తీసేసేలా ఉంటే ముందే చెప్పండి. ఆదివారాలు ఖాళీ ఉంచుకోవడం కోసం పెద్ద బిల్డింగు డ్యూటీ వేరేవాళ్ళకి ఇచ్చేశాను. మళ్ళీ అడగాలి." మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది మేనేజరుకి.

శుక్రవారం భోజనాల వేళకి మళ్ళీ రంగుల షాపుకి వెళ్ళాడు. పెద్దాయన షాపు వెనక ఖాళీ డబ్బా బోర్లించుకుని టిఫిన్ బాక్సు విప్పుతున్నాడు. ఇంకో డబ్బా కాలితో ఇటు తోశాడు. మేనేజరు కూర్చోలేదు.

"బావా, ఈ ఆదివారం నిన్ను ఆడించట్లేదు."

ఏడుసార్లు అనుకుని మింగేసిన మాట, ఈసారి అనుకోకుండానే బయటికొచ్చింది. పెద్దాయన నోట్లో ముద్ద నమిలి మింగి, కాసిని నీళ్ళు తాగాడు.

"బుధవారమే చెప్తావనుకున్నా. తెల్లరంగు కొనుక్కుని పోయావు."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? మూడు వారాలుగా వస్తోంది, నువ్వెందుకు చెప్పట్లేదని. నేనే మానేద్దామనుకుంటా. లిస్టులో నా పేరు చూడగానే ఇంకొక్క వారం అనిపిస్తుంది. పాడు ఆశ." పెద్దాయన మూత మీద మెతుకులు ఏరి బాక్సులో వేశాడు. "కూర్చో. ఆ మోకాలితో ఎంతసేపు నిలబడతావు?"

మేనేజరు డబ్బా మీద కూర్చున్నాడు. మోకాలు టక్కుమంది. "నేనింకా ఆడుతూ ఉంటే ఇంకో ఏడాది లాక్కొచ్చేవాళ్ళం బావా. రెండేళ్ళు నీ భుజం సంగతి ఎవరికీ తెలియనిచ్చానా?"

పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. ఏదో తేల్చుకున్నట్టు టిఫిన్ బాక్సు పక్కన పెట్టాడు.

"నువ్వక్కడ నిలబడి ఎన్ని తీశావు బావా?"

రెండు రోజుల్లో ఇది రెండోసారి. "నాలుగు. ఐదేమో."

"మిగతావన్నీ నీ తల మీద నుంచి ఎవడు పట్టాడనుకున్నావు? ఏ చేత్తో పట్టాడు? ప్రెస్సులో క్యాలెండరు చూశావుగా. పోయిన సీజన్ ఫోటో అది. కింద సగం తెగిపోయిన తల ఎవరిదనుకున్నావు?"

మేనేజరుకి ఆ ఎడమ చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. పూర్తిగా చాచిన చెయ్యి. మొన్న సోమవారం దాని ముందే నిలబడి మాట్లాడాడు.

"భుజం లేవట్లేదన్నావు" అన్నాడు.

"అబద్ధం చెప్పాను." పెద్దాయన గొంతు తగ్గలేదు, పెరగలేదు. "లేవనిది నీ మోకాలు. ఆ ఏడు నువ్వు ముందుకెళ్తే వెనక్కి రాలేకపోతున్నావు. పాత మేనేజరు నిన్ను తీసేసి కాగితం రాసేశాడు. తలుపుకి అంటించకముందే నేను చూశాను. కార్నర్లప్పుడు వీడు నాకు పోస్టు దగ్గర కావాలి, లేకపోతే నేను దిగను అని చెప్పి వచ్చాను. మరి నీకేం చెప్పను? మోకాలు పోయింది, ఓ మూల నిలబడు అంటే నిలబడతావా? నాకోసం అంటే నిలబడతావు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నిజంగానే పోయింది. ఆరు నెలలైంది, పోయిన సీజన్ ముగిసిన కొత్తలోనే. తథాస్తు దేవతలు కాస్త ఆలస్యంగా విన్నట్టున్నారు."

మేనేజరు మోకాలి చిప్ప మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గు, దాని వెనకే ప్రేమ. రెండేళ్ళుగా తను ఒక మనిషిని మోస్తున్నాననుకున్నాడు. ఇంట్లో, ఆటలో, మనసులో ఆ మాట చూసుకుని ఎంత మురిసిపోయాడో తలుచుకుంటే ఇప్పుడు తలెత్తలేకపోయాడు. మోసింది ఈ మనిషి, తనని.

"నా అబద్ధంతో మనిద్దరం బాగానే గడుపుకున్నాం" అన్నాడు పెద్దాయన బాక్సు మూత పెడుతూ. "మధ్యలో ఆ మెకానిక్ నలిగాడు. నా భుజం సంగతి కమిటీకి చెప్పెయ్. ఫోటో తీసేస్తే తీసేస్తారు."

సాయంత్రం అయిదింటికి ప్రెస్సులో కమిటీ కూర్చుంది. సెక్రటరీ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. మిషను ఆపేశారు. మేనేజరు పెద్దాయన భుజం సంగతి చెప్పాడు. మూడు గోల్స్‌లో మెకానిక్ తప్పు లేదనీ, అతన్ని అక్కడ నిలబెట్టింది తనేననీ చెప్పాడు. ఆదివారం రెండో కీపర్‌ని దింపుతానన్నాడు.

సెక్రటరీ చాలాసేపు క్యాలెండరు వైపు చూశాడు. ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. కాసేపటికి తేరుకుని ముందుకి వంగాడు.

"సరే. భుజం పోయిందే అనుకో. నువ్వు నిలబడి కాపాడావుగా రెండేళ్ళు? అలాగే ఇంకో పొడుగువాణ్ణి నిలబెడదాం. ఆరడుగులవాడు రెడీగా ఉన్నాడు. పెద్దాయనా ఉంటాడు, గోల్సూ ఆగుతాయి. ఏమంటావు?"

మిగతా ఇద్దరూ బాగుందన్నట్టు కుర్చీల్లో సర్దుకున్నారు. బాగానే ఉంది. పెద్దాయన పరువు ఉంటుంది, తన పేరు ఉంటుంది, ఇంట్లో మాట పడక్కర్లేదు. పోయేది ఒక్క మెకానిక్. అవునని తలూపితే చాలు. మేనేజరుకి పోస్టు మీద సుద్ద మచ్చలు గుర్తొచ్చాయి.

లేచి వెళ్ళి గోడ మీద క్యాలెండరు తీసుకొచ్చి టేబులు మీద పరిచాడు.

"ఈ సగం తల నాది" అన్నాడు. "బంతెక్కడుందో, నా తలెక్కడుందో చూడండి. నేను ఆరడుగులే. రెండేళ్ళు నేను అక్కడ ఏమీ ఆపలేదండీ. ఆపినవన్నీ ఈ చెయ్యి ఆపింది. నాకు మోకాలు పోయి పరిగెత్తలేకపోతుంటే, ఆయన నాకు నిలబడడానికి ఒక చోటు చూపించాడు. నిలబడ్డాను, అంతే. నేను దండగ, అతను దండగ కాదు. అతని కాళ్ళు నేను కట్టేశాను."

సెక్రటరీ ఫోటో మీదికి వంగి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత పెన్ను తీసుకుని, "ఇదంతా కమిటీ మినిట్స్‌లో రాయమంటావా?" అన్నాడు.

"రాయండి."

"ఆదివారం ఓడిపోతే?"

"నన్ను వదిలేయండి. నన్ను వదలడానికి పన్నెండింటి గడువేమీ లేదుగా."

సెక్రటరీ ఏమీ రాయకుండానే పెన్ను మూత పెట్టాడు. "అతన్ని ఉంచు" అని, క్యాలెండరు మడత పడకుండా రెండు చేతులతో ఎత్తి మళ్ళీ గోడకే తగిలించాడు.

ఆదివారం డ్రెస్సింగ్ రూము తలుపుకి కాగితం లేదు. మేనేజరు ఒక్కొక్కరి ముందూ నిలబడి చెప్పుకుంటూ వచ్చాడు. మెకానిక్ దగ్గరకి వచ్చి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"కార్నర్ అనగానే నువ్వు పోస్టు దగ్గరకి పోవద్దు. మైదానం సగం గీత దగ్గరకి పో. బంతి మనకి దొరికిందంటే ఇక నిన్ను ఎవరూ పట్టుకోకూడదు."

"మరి ఎడమ పోస్టు?"

"ఎవరూ వద్దు."

మెకానిక్ పట్టీ చుట్టడం ఆపాడు. "మరి ఆ తొమ్మిది అంగుళాలు సార్?"

"అవి నువ్వు పెరగాల్సినవి కాదు. నేను నోరు తెరిచి చెప్పాల్సినవి. చెప్పకుండా నీచేత తిట్లు తినిపించాను. నన్ను క్షమించు."

మెకానిక్ పట్టీ చివర అంటించి, గట్టిగా ఉందో లేదో నొక్కి చూసుకున్నాడు. "రెండు రోజుల్లో పావు అంగుళం పెరిగింది సార్" అన్నాడు తలెత్తకుండా.

మ్యాచ్ డెబ్భై నిమిషాలు దాటేదాకా చెరొక గోలు. రెండో కీపర్ స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, మొదటి అరగంట తడబడి ఒక బంతి జారవిడిచాడు, తర్వాత సర్దుకున్నాడు. పెద్దాయన బెంచీ మీద, మేనేజరు పక్కన కూర్చున్నాడు. పదహారేళ్ళలో ఆ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలట, చెక్క గట్టిగా ఉందని రెండుసార్లు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మధ్యలో ఒకసారి గ్లవ్సులు వేసుకోబోయి, చూసుకుని, పక్కన పెట్టాడు.

డెబ్భై ఆరో నిమిషంలో అవతలి జట్టుకి ఎడమవైపు నుంచి కార్నర్ దొరికింది.

ఎడమ పోస్టు దగ్గర ఎవరూ లేరు. మెకానిక్ అందరికీ దూరంగా సగం గీత దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. వెనక మెట్ల మీద నుంచి ఎవడో, "అక్కడేం చేస్తున్నావురా, పోస్టు ఇటుంది" అని అరిచాడు. మేనేజరు బెంచీ చెక్కని గట్టిగా పట్టుకున్నాడు. బంతి లేచింది. అదే వంకర, అదే ఎత్తు. పక్కన పెద్దాయన ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. చెవి దాకా లేచి ఆగిపోయింది.

అక్కడ మాస్టారి ఎడమ చెయ్యి ఆగలేదు. బారు కింద బంతిని గాల్లోనే అందుకుని, గుండెకి అదుముకుని, ఒక్క అడుగు ముందుకి వేసి చేత్తో విసిరాడు. బంతి నేలని తాకేసరికి మెకానిక్ దాని కన్నా ముందున్నాడు. అతని వెనక ఇద్దరు పరిగెత్తుతున్నారు, నిలబడిపోయినట్టు కనిపిస్తున్నారు. మెట్ల మీద అరుస్తున్నవాడు మధ్యలో ఆపేశాడు.

బెంచీ మీద ఇద్దరూ ఒక్కసారే లేచారు, ఒకరు మోకాలు పట్టుకుని, ఒకరు ఒక్క చెయ్యే పైకెత్తి.